ఇ.సి.జి. టెక్నీషియన్ గుండెదడ: ఒక పానిక్ డిజార్డర్ కేసు

మానసిక చికిత్స చేసే నాకు ఒక గుండె జబ్బుల నిపుణుడు పంపిన లేఖలో రెండే వాక్యాలు ఉన్నాయి. ఈయన గుండెలో ఏ లోపమూ లేదు అన్నది మొదటిది. ఆ సంగతి నాకంటే ఈయనకే బాగా తెలుసు అన్నది రెండోది. ఈ కేసులోని చిక్కంతా ఆ రెండో వాక్యంలోనే ఉంది.

వచ్చిన వ్యక్తికి 36 ఏళ్లు. ఒక ఆసుపత్రి గుండె విభాగంలో టెక్నీషియన్. రోజంతా ఇతరులకు ఇ.సి.జి. తీయడం, ట్రెడ్‌మిల్ పరీక్ష జరుగుతున్నప్పుడు తెర మీది గీతలను కనిపెట్టి ఉండటం ఆయన ఉద్యోగం. కొత్తగా చేరిన డాక్టర్లు అనుమానం వస్తే ఆయన్నే అడుగుతారట. అలాంటి మనిషి ఏడాదిన్నరగా, తనకు ఏ క్షణమైనా గుండెపోటు వస్తుందన్న భయంతో బతుకుతున్నారు. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు.

ఆందోళన రుగ్మతల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది 'అవగాహన లేకపోవడం' దగ్గర మొదలుపెడతారు. శరీరం ఎలా పనిచేస్తుందో తెలియక భయపడుతున్నారనీ, తెలియజెబితే తగ్గుతుందనీ అనుకుంటారు. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం, ఇందులో అవగాహనకు ఏ కొరతా లేదు. సరిగా చెప్పాలంటే, జబ్బు ఆ అవగాహన మీదే బతికింది.

మొదటిసారి

అంతకు కొన్ని వారాల ముందు ఆయన తన వయసువాడే అయిన ఒక రోగికి ఇ.సి.జి. తీశారు. కాగితం యంత్రంలోంచి బయటికి వస్తుండగానే అది గుండెపోటు అని అర్థమైంది. ఆ రోగి బతకలేదు. 'అలాంటివి చాలా చూశాను, ఆ రాత్రి మామూలుగానే నిద్రపోయాను' అన్నారు. నిజమే కావచ్చు. ఆ సంఘటన వల్లే జబ్బు వచ్చిందని నేను అనను. ఒకే ఒక్క కారణాన్ని పట్టుకోవాలనే తొందర మా వృత్తిలోనూ ఉంది, అది చాలాసార్లు దారి తప్పిస్తుంది.

ఆ తర్వాత ఒకరోజు రెండు షిఫ్టులు వరసగా చేసి, నిద్ర లేక, కాఫీల మీద పగలంతా నెట్టుకొచ్చి, కిక్కిరిసిన బస్సులో నిలబడి ఉండగా గుండె ఉన్నట్టుండి దడదడా కొట్టుకోవడం మొదలైంది. ఛాతీ బిగుసుకుంది. చేతివేళ్లలో తిమ్మిరి. ఊపిరి చాలడం లేదనిపించింది. చుట్టూ ఉన్నవాళ్లు అద్దం అవతల ఉన్నట్టు కనిపించారు. 'అయిపోయింది' అనుకున్నారు. బస్సు ఆపించి దిగి, దొరికిన వాహనం ఎక్కి ఎమర్జెన్సీకి వెళ్లారు. చేరేసరికి చాలావరకు సద్దుమణిగింది. ఇ.సి.జి. మామూలుగా ఉంది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా పెరగలేదు.

ఆయన చెప్పినదాంట్లో ఒక్కటీ అతిశయోక్తి కాదు. పానిక్ అటాక్‌కు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నిర్ధారణ గ్రంథం డి.ఎస్.ఎం. 13 లక్షణాలు చెబుతుంది. వాటిలో కనీసం నాలుగు కలిసి వచ్చి, కొన్ని నిమిషాల్లోనే పతాక స్థాయికి చేరితే దాన్ని పానిక్ అటాక్ అంటాం. గుండెదడ, చెమట, వణుకు, ఛాతీలో నొప్పి, తల తిరగడం, తిమ్మిర్లు, పరిసరాలు నిజం కావేమో అన్న భావన, చచ్చిపోతానన్న భయం, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

అయితే ఒక్కసారి ఇలా జరిగినంత మాత్రాన అది రుగ్మత కాదు. అనేక దేశాల్లో జరిగిన ప్రపంచ మానసిక ఆరోగ్య సర్వేలను బట్టి, జీవితంలో ఒక్కసారైనా పానిక్ అటాక్ చవిచూసేవాళ్లు దాదాపు 13 శాతం. అటాక్‌లు పదే పదే వచ్చి, వాటి భయంతో ప్రవర్తనే మారిపోయే పానిక్ డిజార్డర్ దాకా వెళ్లేవాళ్లు రెండు శాతం లోపే. మిగతావాళ్లు భయపడి, ఒక పరీక్ష చేయించుకుని, మరిచిపోతారు. అంటే మనం అడగవలసిన అసలు ప్రశ్న అటాక్ ఎందుకు వచ్చిందని కాదు. వచ్చి పోయిన తర్వాత ఆ మనిషి ఏం చేశాడని.

ఫైలు

ఈయన ఏం చేశారో చెప్పడానికి తొలి భేటీకే ఒక ఫైలు తెచ్చారు. నిండా ఇ.సి.జి. కాగితాలు. అన్నీ ఆయనవే, ఎక్కువ భాగం రాత్రి డ్యూటీల్లో తనకు తానే తీసుకున్నవి. ఒక్కోదాని మీద తేదీ, సమయం, ఆ సమయంలో ఏమనిపించిందో రెండు ముక్కలు. దాచుకున్న తీరు చూస్తే పరిశోధన విద్యార్థి పనిలా ఉంది. 'ఇవన్నీ బాగానే ఉన్నాయి కదా' అన్నాను. 'అవి తీసిన నిమిషానికి బాగానే ఉన్నాయి' అన్నారు.

ఆ జవాబు తప్పు కాదు, అదే చిక్కు. గుండెపోటు మొదలైన తొలి దశలో ఇ.సి.జి. మామూలుగా కనిపించే సందర్భాలు ఉన్నాయి. సామాన్యుడికి ఆ విషయం తెలియదు కాబట్టి 'నార్మల్' అన్న మాట విని ఊరట పొందుతాడు. ఈయనకు తెలుసు కాబట్టి ప్రతి 'నార్మల్' కిందా ఒక మినహాయింపు కనిపిస్తుంది. మొదట్లో ఒక ఇ.సి.జి. ఇచ్చే ధైర్యం రెండు మూడు రోజులు నిలిచేదట. మా దగ్గరికి వచ్చేనాటికి గంట కూడా నిలవడం లేదు.

ఇక ఆయన వదులుకున్నవి. మొదట బస్సు, తర్వాత లిఫ్టు. మెట్లెక్కితే దడ వస్తుంది కాబట్టి మెట్లూ తగ్గాయి. రెంటినీ తప్పించాలంటే పై అంతస్తుల్లో పనులే మానుకోవాలి, మానుకున్నారు. వ్యాయామం పోయింది. క్షవరానికి కుర్చీలో కూర్చుంటే మధ్యలో లేవడం కుదరదని భార్యే ఇంట్లో జుట్టు కత్తిరించేది. దాంపత్య జీవితమూ ఆగిపోయింది. గుండె వేగం పెరిగే ఏ పనైనా ఆయనకు అనుమానాస్పదమే, ఆ సంగతి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. ఏ కొత్త చోటికి వెళ్లాలన్నా ముందు దగ్గర్లోని ఆసుపత్రి ఎంత దూరమో చూసుకోవాలి. చేతికి గుండె వేగం చూపించే గడియారం, బ్యాగులో రక్తంలోని ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సీమీటర్, చొక్కా జేబులో ఎవరో డాక్టర్ రాసిచ్చిన, ఆందోళనను వెంటనే తగ్గించే క్లోనజెపామ్ మాత్రలు. ఆ మాత్రలను ఆయన దాదాపు వేసుకోలేదు. ఊరికే ఉండాలి. తీసి చూస్తే వాటి గడువు తేదీ ఎప్పుడో దాటిపోయింది. ఆ సంగతీ ఆయనకు తెలుసు.

ఇంట్లో ఎనిమిదేళ్ల కూతురు. తండ్రి మొహం చూసి 'నాన్నా, దడ వచ్చిందా?' అని అడగడం ఆ పిల్లకు అలవాటైపోయింది. భార్య ఒక కంప్యూటర్ శిక్షణలో చేరి మధ్యలో మానేసింది, ఆయన సాయంత్రాలు ఒంటరిగా ఉండలేకపోవడం వల్ల. ఆందోళన రుగ్మత ఒక మనిషికి వస్తుందని కాగితం మీద రాస్తాం. ఇంట్లో అందరి దినచర్యా దాని చుట్టూ మలుపు తీసుకుంటుంది.

ఇది ఏమిటి, ఏది కాదు

పానిక్ అని పేరు పెట్టే ముందు శరీరాన్ని తప్పనిసరిగా చూడాలి. థైరాయిడ్ హార్మోను ఎక్కువైనా, రక్తహీనత ఉన్నా, కొన్ని రకాల గుండె లయ దోషాలున్నా అచ్చం ఇలాగే ఉంటుంది. ముఖ్యంగా గుండె హఠాత్తుగా అతివేగంగా కొట్టుకుని హఠాత్తుగా ఆగే ఒక రకం లయ దోషాన్ని పానిక్ అని పొరబడటం వైద్యంలో తెలిసిన ప్రమాదమే. ఈయనకు థైరాయిడ్, రక్త పరీక్షలు, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ అయ్యాయి. అన్నిటికంటే ఉపయోగపడింది, ఒంటికి తగిలించుకుని రోజంతా గుండె లయను నమోదు చేసే హోల్టర్ రికార్డింగ్. అది ఒంటిమీద ఉన్నప్పుడే ఒక అటాక్ వచ్చింది. లయ సరిగానే ఉంది, వేగం మాత్రమే పెరిగింది, అదీ మెల్లగా పెరిగి మెల్లగా తగ్గింది. ఆ తర్వాత పరీక్షలు ఇక చాలని కార్డియాలజిస్టు, సైకియాట్రిస్టు, నేను కలిసి నిర్ణయించుకున్నాం. అనుమానం తీరనందుకు మళ్లీ మళ్లీ పరీక్షలు రాయడం దయ అనిపిస్తుంది కానీ, అది వైద్యం కాదు.

పేరు విషయంలో కొంత తర్జనభర్జన జరిగింది. పదే పదే తనిఖీ చేసుకోవడం చూసి ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా వెంటాడే రుగ్మత) అనుకోవచ్చు. జబ్బు ఉందేమోనన్న భయం చూసి హెల్త్ యాంగ్జయిటీ అనుకోవచ్చు. కానీ ఈయన తనిఖీలన్నీ ఒకే చోట పుడుతున్నాయి: అటాక్ మళ్లీ వస్తుందేమో, వస్తే ప్రాణం పోతుందేమో అన్న చోట. ఇతర జబ్బుల భయం లేదు. డబ్బు, పిల్ల చదువు, ఉద్యోగం వంటి అన్ని విషయాల మీదా తెరిపి లేకుండా సాగే చింత ఉంటే జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ అనేవాళ్లం, అదీ లేదు. నలుగురిలో నవ్వులపాలవుతానన్న సోషల్ యాంగ్జయిటీ ఛాయలూ లేవు. అటాక్‌లు వాటంతట అవే రావడం, నెలకు మించి వాటి గురించిన భయంతో ప్రవర్తన మారిపోవడం పానిక్ డిజార్డర్‌కు సరిపోయాయి. బయట పడలేని చోట్లంటే భయం ఏడాదికి పైగా ఉండటంతో ఎగోరాఫోబియా కూడా రాశాం. కుంగుబాటు స్వల్పంగా ఉంది. చనిపోవాలన్న ఆలోచనలు లేవు, సూటిగా అడిగే తెలుసుకున్నాం. పానిక్ తీవ్రతను కొలిచే ఏడు ప్రశ్నల స్కేలులో 28కి 19 వచ్చింది.

ఈ అవస్థ కొత్తదేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో గుండెదడ, ఛాతీనొప్పి అంటూ వచ్చిన సైనికులను పరీక్షించి, గుండెలో చెప్పుకోదగ్గ లోపం దొరక్క, జేకబ్ డా కోస్టా అనే వైద్యుడు 1871లో 'చిరాకు గుండె' అని రాశాడు. ఈ సంగతి మా క్లయింటుకు చెబితే నవ్వి, 'ఆయన దగ్గర ఇ.సి.జి. లేదు కదా' అన్నారు. మొదటి నవ్వు అదే. పానిక్ డిజార్డర్ అన్న విడి పేరు మాత్రం 1980లో వచ్చింది. ఇక సంఖ్యలు కావలసినవాళ్లకు: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019 నాటికి ఏదో ఒక ఆందోళన రుగ్మత ఉన్నవాళ్లు 30.1 కోట్ల మంది. పురుషుల్లో కంటే స్త్రీలలో ఎక్కువ. చికిత్స అందుతున్నవాళ్లు నలుగురిలో ఒకరు.

తనంతట తాను తగ్గినదానికి పేరెవరికి?

మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించిన వివరణ ఇప్పటికీ మా పనికి ఆధారం. ఒంట్లో ఒక చిన్న మార్పు వస్తుంది. మనసు దాన్ని ముంచుకొస్తున్న ప్రమాదంగా చదువుతుంది. ఆ భయానికి అడ్రినలిన్ విడుదలై గుండె ఇంకా వేగం పెంచుతుంది. 'చూశావా, పెరుగుతోంది' అని భయం మరింత ముదురుతుంది.

ఊపిరి సంగతి కూడా చెప్పాలి. భయంలో శ్వాస వేగంగా, లోతుగా సాగుతుంది. శరీరానికి అవసరమైనదానికంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. దాంతో రక్తంలో క్షారగుణం పెరిగి, మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత కుంచించుకుంటాయి. తల తేలిపోయినట్టు, వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కినట్టు అనిపించేది అందుకే. ఊపిరి ఎక్కువై వచ్చిన బాధ, ఊపిరి అందక వచ్చినట్టుగా తోస్తుంది. మనిషి ఇంకా గట్టిగా పీలుస్తాడు. ఆ సమయంలో ఆక్సీమీటర్ పెట్టుకుంటే 99 చూపిస్తుంది. ఈయన అలా చూసుకుని, బ్యాటరీ అయిపోయిందేమోనని కొత్త బ్యాటరీ వేసిన సందర్భం ఉంది.

స్పృహ తప్పుతుందన్న భయానిదీ అదే తీరు. స్పృహ తప్పాలంటే సాధారణంగా రక్తపోటు ఒక్కసారిగా పడిపోవాలి. పానిక్‌లో అది పెరుగుతుంది. రక్తం, సూదులు చూస్తే భయపడేవాళ్లలో మాత్రం రక్తపోటు పడిపోయి నిజంగానే సొమ్మసిల్లవచ్చు. ఇదంతా ఆయన నేను చెప్పేలోపే పూర్తి చేశారు. ఆ వారం కూడా అటాక్‌లు ఎప్పటిలాగే వచ్చాయి.

ఎందుకంటే, ఏ పానిక్ అటాక్ అయినా కాసేపటికి తనంతట తాను తగ్గుతుంది. శరీరం ఆ ఉద్రేకాన్ని అంతకంటే సేపు నిలబెట్టలేదు. కానీ తగ్గే సమయానికి ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ ఉంటారు. ఇ.సి.జి. తీసుకుంటూ, భార్యకు ఫోను చేస్తూ, జేబులో మాత్రను తడుముకుంటూ, గోడకు ఆనుకుంటూ. తగ్గిన పేరు వాటికి పోతుంది. 'ఈసారి బయటపడ్డాను' అని మిగులుతుంది తప్ప, అసలు ప్రమాదమే లేదన్నది ఒక్కసారి కూడా అనుభవంలోకి రాదు. అంతేకాదు, ప్రతి తనిఖీ మరుసటి తనిఖీని కొంచెం దగ్గరకు లాగుతుంది. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేసినవాడికి ఆ రోజుకు తెరిపి దొరుకుతుంది, వడ్డీ మాత్రం పెరుగుతూ పోతుంది. భరోసా కూడా అంతే. ఈయన దగ్గర ఆ అప్పు ఇచ్చే యంత్రం చేతికందే దూరంలో ఉంది, అదీ ఉచితంగా.

అందువల్ల చికిత్స లక్ష్యాన్ని మొదటే వేరుగా పెట్టుకున్నాం. అటాక్‌లను ఆపడం మా లక్ష్యం కాదన్నాను. ఆయనకు నచ్చలేదు. 'మరి దేనికి వచ్చినట్టు?' అని సూటిగానే అడిగారు. అటాక్ వచ్చినా ఏమీ చేయకుండా ఉండగలగడం నేర్చుకోవడానికి అన్నాను. ఆలోచించుకుని వస్తానని వెళ్లి, మరుసటి వారం వచ్చారు.

మందు దగ్గర జరిగిన వాదన

సైకియాట్రిస్టు, మెదడులో సెరటోనిన్ మీద పనిచేసే ఎస్సిటలోప్రామ్ అనే మందును 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. పానిక్ ఉన్నవాళ్లకు ఈ తరగతి మందులు తక్కువ మోతాదుతోనే మొదలుపెట్టాలి. తొలి రోజుల్లో గాభరా కొంచెం పెరగవచ్చు, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మూడో రోజే ఆయన మానేశారు. కారణం మామూలు క్లయింటు చెప్పేది కాదు: ఎస్సిటలోప్రామ్ మోతాదును బట్టి ఇ.సి.జి.లో క్యూ.టి. విరామాన్ని (గుండె ప్రతి కొట్టుకోవడంలో కనిపించే ఒక విద్యుత్ వ్యవధి, మరీ పెరిగితే లయ తప్పవచ్చు) కొంత పొడిగించగలదు. ఆ విషయం నిజం. ఆయన క్యూ.టి. కొలత పూర్తిగా మామూలుగా ఉందన్నదీ అంతే నిజం. కానీ ఇప్పుడు ఇ.సి.జి. తీసుకోవడానికి వైద్య కారణం కూడా దొరికింది.

నేను మందు మార్చవద్దన్నాను. మార్చితే భయం చెప్పిన మాట విన్నట్టవుతుందని నా వాదన. సైకియాట్రిస్టు అనుభవజ్ఞురాలు. 'మింగని మందు ఎంత మంచిదైతే ఏం లాభం?' అని సెర్ట్రలిన్‌కు మార్చారు. దానికి క్యూ.టి. విషయంలో ప్రమాదం తక్కువ. 25 మిల్లీగ్రాములతో మొదలై, నెమ్మదిగా 100కు వెళ్లింది. ఆయన మానకుండా వేసుకున్నారు. ఎవరి వాదన సరైనదో తేల్చుకోవాలని మేమిద్దరం ఆ తర్వాత అనుకోలేదు.

క్లోనజెపామ్ వంటి బెంజోడయజపిన్ మందుల గురించి మాకు అభిప్రాయభేదం లేదు. అవి వేగంగా పనిచేస్తాయి, అందుకే వాటిమీద ఆధారపడటం కూడా అంత తేలిక. ఏళ్ల తరబడి వేసుకున్నవాళ్లు ఉన్నట్టుండి మానితే ప్రమాదకరం, డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. ఈయన వాడకమే లేదు కాబట్టి తగ్గించే పని పడలేదు. జేబులోంచి తీసేయడం మాత్రం నెలలు పట్టింది.

గదిలో, ఆ తర్వాత వీధిలో

పని శరీరం దగ్గర మొదలైంది. ఒక నిమిషం పాటు కావాలని వేగంగా, లోతుగా ఊపిరి తీయడం. ఉన్నచోటే పరుగెత్తడం. తిరిగే కుర్చీలో గిరగిరా తిరగడం. సన్నని గొట్టంతో ఊపిరి పీల్చడం. భయపెట్టే అనుభూతులను కావాలని తెచ్చుకునే ఈ పద్ధతిని ఇంటరోసెప్టివ్ ఎక్స్‌పోజర్ అంటారు. కార్డియాలజిస్టు అనుమతి తీసుకున్నాకే చేశాం. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, గర్భం ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్త పడాలి, సొంతంగా ప్రయోగం చేసేవి కావు.

వేగంగా ఊపిరి తీసిన ముప్పై సెకన్లకే ఆయన మొహం పాలిపోయింది. 'ఇదే, అచ్చం ఇదే' అన్నారు. చెయ్యి గడియారం వైపు పోయింది. గడియారం నా బల్ల మీద ఉంది.

ప్రతి ప్రయోగానికీ ముందు ఒక అంచనా రాయాలి: ఏం జరుగుతుందని అనుకుంటున్నారు, ఎంత శాతం నమ్మకం. తర్వాత ఏం జరిగిందో రాయాలి. భయం తగ్గిందా అన్నది నేను అడగను. వెనక మిషెల్ క్రాస్క్ వంటి పరిశోధకుల ఆలోచన ఉంది: పాత భయం చెరిగిపోదు, దాని పక్కన ఒక కొత్త పాఠం బలపడుతుంది. అనుకున్నదానికీ జరిగినదానికీ ఎంత తేడా ఉంటే ఆ పాఠం అంత బలంగా అతుక్కుంటుంది. ఆయన మొదటి అంచనా: 'నిమిషం పూర్తయ్యేలోపే పడిపోతాను, 80 శాతం.' పడిపోలేదు. 'మీరు పక్కన ఉన్నారు కాబట్టి' అన్నారు. సరేనని నేను బయటికి వెళ్లాను. ఆయన ఒక్కరే గదిలో మళ్లీ చేశారు. ఆ తర్వాత ఇంట్లో, ఆ తర్వాత రాత్రి డ్యూటీలో.

నెమ్మదిగా ఊపిరి తీయడం గురించి ఒక మాట. వీడియోలు చూసి ఆయన అప్పటికే నేర్చుకున్నారు. దడ మొదలవగానే లెక్కపెడుతూ ఊపిరి తీసేవారు. అది మానమన్నాను. శ్వాస అభ్యాసం చాలామందికి ఉపయోగపడుతుంది, నేనూ నేర్పిస్తాను. కానీ 'ఇది చేయకపోతే చస్తాను' అన్న భావంతో చేస్తున్నప్పుడు అది జేబులోని మాత్రకు కవల. తోటి థెరపిస్టుల్లో కొందరు నాతో ఏకీభవించరు.

ఇ.సి.జి. విషయం అన్నిటికంటే కష్టం. తాగుడు మానదలచినవాడికి ఆ దారిన పోవద్దని చెప్పవచ్చు. ఈయన రోజంతా కూర్చునేదే ఆ యంత్రం దగ్గర. చివరికి పెట్టుకున్న నియమం చిన్నది: యంత్రం తీగలు ఇతరుల ఒంటి మీదకే వెళ్లాలి. తీసుకోవాలని అనిపించిన ప్రతిసారీ సమయం రాసి, గంట వాయిదా వేయాలి. గంట తర్వాత ఇంకా అనిపిస్తే మరో గంట. మొదటి వారాల్లో ఆ కోరిక రాత్రుల్లో వరుసగా వచ్చేది, వాయిదాలో చాలావరకు కరిగిపోయేది. గడియారం, ఆక్సీమీటర్ ఒక్కొక్కటిగా ఇంట్లో ఉండిపోయాయి. తర్వాత మెట్లు, లిఫ్టు, బస్సు. మొదట భార్యతో, తర్వాత ఆమె లేకుండా, ఆ తర్వాత ఫోను కూడా లేకుండా. క్షవరం కుర్చీ ఆయనకు బస్సు కంటే పెద్ద గండం. మెడ చుట్టూ గుడ్డ కట్టేసరికి లేచి వచ్చేశారట. మరుసటి రోజు మళ్లీ వెళ్లి, దడ వస్తుండగానే పూర్తి చేయించుకున్నారు.

ఆయన భార్య ప్రశ్న

భార్యను పిలిపించింది సలహాలు ఇవ్వడానికి కాదు, ఆమె ఏం చేస్తున్నారో తెలుసుకోవడానికి. రోజూ లెక్కలేనన్నిసార్లు 'ఏమీ కాదు, నీకు బాగానే ఉంది' అంటున్నారు. రాత్రి ఆయన నిద్రపోయాక ఊపిరి చూస్తున్నారు. ఇదంతా ప్రేమే, సందేహం లేదు. ఆ మాట ఆయనకు మరో ఇ.సి.జి.గా పనిచేస్తోందని చెప్పినప్పుడు ఆమెకు కోపం వచ్చింది. 'మరి నిజంగానే గుండెపోటు వస్తే? అప్పుడు కూడా ఇదేనా మీరు చెప్పేది?'

ఇలాంటి ప్రశ్నను దాటవేసే థెరపీ మీద నాకు గౌరవం లేదు. కార్డియాలజిస్టుతో కూర్చుని ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలో స్పష్టంగా రాయించాం. శ్రమ చేస్తున్నప్పుడు మొదలై విశ్రాంతితో తగ్గే ఛాతీనొప్పి, చేతికో దవడకో పాకే కొత్త రకం నొప్పి, నిజంగా స్పృహ తప్పడం, ఎప్పుడూ వచ్చే అటాక్‌లా లేకుండా తగ్గకుండా సాగే బాధ: ఇవైతే ఆలోచించకుండా వెళ్లాలి. ఇది ఈయన పరీక్షలన్నీ చూశాక ఈయన కోసం రాసిన గీత. ఛాతీనొప్పి మొదటిసారి వచ్చినవాళ్లు దీన్ని చదివి ఇంట్లో ఆగిపోకూడదు, వాళ్లు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

మిగతా సమయాల్లో ఆయన అడిగితే ఆమె చెప్పవలసిన జవాబును ముగ్గురం కలిసి రాసుకున్నాం: 'నేను ఇక్కడే ఉన్నాను. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పను.' మొదటి రోజుల్లో అది క్రూరంగా అనిపించిందని, వంటింట్లోకి వెళ్లి ఏడ్చానని ఆమె తర్వాత చెప్పారు. పాపకు తల్లిదండ్రులిద్దరూ కలిసి చెప్పారు: నాన్నకు అప్పుడప్పుడు భయం వస్తుంది, దానంతట అదే పోతుంది, నువ్వు చూసుకోనక్కర్లేదు.

వెనకడుగు

బస్సు ప్రయాణాలు బాగా సాగుతున్న దశలో వరసకు బాబాయి అయ్యే ఒకాయన గుండెపోటుతో పోయారు. ఆ రాత్రి డ్యూటీలో మా క్లయింటు మూడు ఇ.సి.జి.లు తీసుకున్నారు. మర్నాడు ఫోను చేసి 'అంతా మొదటికి వచ్చింది' అన్నారు.

అంతా మొదటికి రాలేదు, కానీ అదే విషయం చెప్పి ఓదార్చితే నేనూ భరోసా దుకాణం తెరిచినట్టే. కాబట్టి ఆ మూడు కాగితాలే ముందు పెట్టుకుని మాట్లాడాం. మొదటిది ఎంతసేపు ధైర్యం ఇచ్చింది? పావుగంట. రెండోది? ఇంకా తక్కువ. మూడోది తీసేటప్పుడు దాన్ని నమ్మనని ముందే తెలుసు. 'మరి ఎందుకు తీశారు?' చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'నూటికి నూరు శాతం కావాలి' అన్నారు.

మా పనంతటిలో కీలకమైన ఘట్టం అదే. నూటికి నూరు శాతం హామీ ఆయన విభాగాధిపతి దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. ఆయన రోజూ ఇ.సి.జి. తీసే మనుషులు అది లేకుండానే పరీక్ష చేయించుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని వెళ్లిపోతున్నారు. వాళ్లకు హామీ దొరికిందా, లేక అడగడం మానేశారా అని అడిగాను. ఆ వారం ఇంటి పనిగా ఒక వాక్యాన్ని రోజూ రాసి చదువుకోమన్నాను: 'నాకు ఎప్పుడో ఒకప్పుడు గుండెపోటు రావచ్చు, రాకపోవచ్చు, ఈరోజు ఆ సంగతి తేల్చుకోను.' రాస్తుంటే చెయ్యి వణికిందట. పది రోజులకు ఆ వాక్యం విసుగు పుట్టించింది. విసుగు మా వృత్తిలో మంచి లక్షణం.

ప్రస్తుతం

స్కేలు మీద 19 నుంచి 5కు వచ్చారు. అటాక్‌లు పూర్తిగా పోలేదు. ఎప్పుడైనా ఒకటి వస్తుంది, వచ్చినప్పుడు చేస్తున్న పని ఆపరు. బస్సులో ఇంకా తలుపు దగ్గర సీటే వెతుక్కుంటున్నారు, దాని మీద పని సాగుతోంది. భార్య మళ్లీ శిక్షణలో చేరారు.

ఆయన బాగుపడిన తర్వాత కూడా సెర్ట్రలిన్‌ను ఏడాది పాటు కొనసాగించాలన్నది సైకియాట్రిస్టు నిర్ణయం. త్వరగా ఆపితే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఆపేటప్పుడు కూడా వారాల మీద మెల్లగా తగ్గించాలి. అప్పుడు తల తిరగడం, తలలో చిన్న విద్యుత్ షాక్ లాంటి అనుభూతి రావచ్చు. ఈయన వాటిని ఎలా చదువుతారో ఊహించడం కష్టం కాదు కాబట్టి, మోతాదు తగ్గించడానికి ముందే ఆ అనుభూతుల జాబితా, వాటి మీద తన అంచనాలు రాసి పెట్టుకున్నారు. కుర్చీలో తిరగడం మళ్లీ మొదలుపెట్టారు.

ఒక చిన్న విషయం తేలవలసి ఉండింది. ఉద్యోగులందరికీ జరిగే వార్షిక ఆరోగ్య పరీక్షలో ఇ.సి.జి. కూడా ఉంది. తీయించుకోవచ్చా అని అడిగారు. తీయించుకోవాలన్నాం. తీసేది వేరే టెక్నీషియన్, చదివేది డాక్టర్, ఈయనకు చేరేది ఫలితం చెప్పే ఒక్క వాక్యం. కాగితం చూడకూడదు. ఒప్పుకున్నారు, తీసే అమ్మాయికి ఛాతీ మీద నాలుగో లీడు ఎక్కడ పెట్టాలో చెప్పకుండా ఉండలేకపోయానని తర్వాత చెప్పారు.